ప్లాసీకి పోనేల?

చరిత్రయందు అభిరుచిగల గృహస్థుడొకడు, సెలవులు కొలదిగను, సొమ్ము అంతకంటె కొలదిగను ఉన్నవాడై, రణభూములలో దేనిని చూడబోదునని తెలిసినవారి నడిగినయెడల, వారు తడుముకొనకుండ చెప్పు సమాధానమొకటి కలదు. ఏ యుద్ధమువలన రాజ్యములు తారుమారైనవో, ఏది జరుగకున్నచో నేటి దేశచరిత్ర మరియొక రీతిగా నుండెడిదో, ఆ యుద్ధము జరిగిన చోటికి ముందు పొమ్మనియు, తక్కినవి తీరికయున్నప్పుడు చూచుకొనవచ్చుననియు వారు చెప్పుదురు. ఈ లెక్క ప్రకారము పానిపట్టు మొదటిది, ప్లాసీ రెండవది. సముద్రము దాటిపోగలవారికి వాటర్లూ. మన సీమలోని చందుర్తి, బందరు, పద్మనాభము ఆ పట్టికలో అట్టడుగుననైనను కానరావు.

ఈ సలహా వినుటకు న్యాయముగనే యున్నది. దానిని మన పాఠ్యపుస్తకములు నేర్పినవి, పోటీపరీక్షల ప్రశ్నపత్రములు గట్టిపరచినవి, యాత్రలు నడపు సంస్థలు విక్రయించుచున్నవి. దాని పుట్టుక వెదకబోయినచో నూటడెబ్బది యేండ్ల వెనుకకు పోవలసివచ్చును. ఎడ్వర్డ్ క్రీసీ అను ఆంగ్లేయుడు 1851లో మారథాను మొదలు వాటర్లూ వరకు పదునైదు యుద్ధములను ఏరి, ప్రపంచముయొక్క గతిని నిర్ణయించినవి ఇవియేయని గ్రంథము వ్రాసెను. ఆ పదునైదింటిలో మన దేశమున జరిగినది ఒక్కటియు లేదు. ఆ లోటు తీర్చుటకో యేమో, 1883లో కర్నల్ మాలెసన్ ఆ కొలబద్దనే హిందూదేశమునకు తెచ్చి, ఈ దేశమును ఇంగ్లీషువారికి వశపరచిన యుద్ధములను వరుసగా వర్ణించెను. ఇరువురును విద్వాంసులే; ఇరువురి గ్రంథములును చదువదగినవే. అయితే వారు చదువరికొరకు వ్రాసిరిగాని నడువబోవువానికొరకు వ్రాయలేదు. గ్రంథాలయములో చెల్లు కొలబద్దను రైలుస్టేషనుకు మోసికొనివచ్చి, అచ్చటను అదియే చెల్లునని వాదించువారితోడనే నాకు పేచీ.

యుద్ధముయొక్క ఫలము యుద్ధభూమియందుండదు. అది రాజధానులయందును, సంధిపత్రములయందును, పన్ను వసూలుచేయు చేయి మారిన గ్రామములయందును, కొన్ని తరములకు జనులు చదువు చదువులయందును కట్టు బట్టలయందును ఉండును. దానిని తెలిసికొనుటకు ఇల్లు కదలనక్కరలేదు, మంచి పుస్తకము చాలును. కాళ్ళతో నడచి కన్నులతో చూచినగాని తెలియనిది వేరొకటి కలదు: ఆ దినమున ఆ నేలపై నిలిచినవానికి ఏమి కనబడెను, ఏమి కనబడకపోయెను, ఎంతమేర పరుగెత్తవలసివచ్చెను, బురద మోకాలిలోతా నడుములోతా, ఏ గట్టు చాటిచ్చెను, ఏ పంట అడ్డువచ్చెను. ఎచ్చట గెలుపోటములను నేల నిర్ణయించెనో, అట్లు నిర్ణయించిన నేల నేటికిని ఎచ్చట చూడ వీలగునో, ఆ స్థలమే యాత్రికుడు పోదగిన రణభూమి. అది చరిత్రగతిని మార్చినదా యను విచారణ ఆతనికి చాల వెనుకటి మాట. ఫలమును వెదకుచు రణభూమికి పోవుట, సబ్ రిజిస్ట్రారు కచేరిలో దస్తావేజుపై వేలిముద్ర వేసిన బల్లను చూచివచ్చి, పొలమును చూచివచ్చితినని చెప్పుకొనుటవంటిది.

ప్లాసీనే పరీక్షింతము. 1757 జూన్ 23వ తేదీన అచ్చట క్లైవుతో నున్నవారు సుమారు 3,000 మంది. సిరాజుద్దౌలా పక్షమున దాదాపు 50,000 మంది యుండిరని చెప్పుదురు. ఈ అంకెలు చదివిన యాత్రికుడు, ఇంత స్వల్పసేన అంత మహాసేనను గెలువగలిగిన ఆ నేలయందు ఏదో రహస్యముండి తీరవలెనని తలచి, కలకత్తామీదుగా నదియా జిల్లాకు పోవును. పోయి చూచునదేమి? ఇంగ్లీషువారు చాటుగొన్న మామిడితోట, లక్షచెట్లతోటయని ప్రసిద్ధిగన్నది, ఏనాడో అంతరించెను. భాగీరథి తన పాయను మార్చుకొనుచు, ఒడ్డులు కోయుచు, రణభూమిలో అధికభాగమును కడుపున పెట్టుకొనెను. మిగిలినవి స్మారకస్తంభమును, చుట్టును పంటపొలములును. నది ఇట్లు చేయకుండినను యాత్రికునికి ఒరుగునది స్వల్పమే. ఏలన, ఆ దినపు జయాపజయములతో ఆ నేలకు సంబంధము స్వల్పము. నవాబు సేనానియైన మీర్ మదను ఫిరంగిదెబ్బకు కూలిన మాటయు, మధ్యాహ్నపు వానకు నవాబు మందుగుండు తడిసిపోగా ఇంగ్లీషువారు తమదానిని కప్పి కాపాడుకొన్న మాటయు నిజమే. కాని నవాబు సేనలో మీర్ జాఫరు, రాయ్ దుర్లభుడు, యార్ లతీఫ్ ఖాను నడపిన దళములు, అనగా అందు పెద్దపాలు, సాయంకాలమువరకు కదలక నిలిచియుండెను. అట్లు నిలిచియుండవలెనను నిర్ణయము మామిడిచెట్ల నీడను జరిగినది కాదు. అది ముర్షిదాబాదులో, జగత్ సేఠు గద్దెచెంతను, మీర్ జాఫరు లోగిటను, యుద్ధమునకు ముందే జరిగిపోయెను. కంపెనీ ప్రతినిధియైన వాట్సు మూసిన పల్లకిలో పోయి మీర్ జాఫరుచేత ప్రమాణము చేయించుకొని వచ్చిన నాడే ప్లాసీ ముగిసినది. తరువాత జరిగినది దాని ప్రకటన.

కావున ఫలమే ప్రధానమనువారు తమ వాదమునకు తామే కట్టుబడువారైనచో, యాత్రికుని ప్లాసీలో దింపక, ఆ రైలులోనే మరి యేబది కిలోమీటర్లు ఉత్తరముగ పంపవలెను. ముర్షిదాబాదులో జాఫర్‌గంజ్ కడ మీర్ జాఫరు దేవిడీ వాకిలిని జనులు నేటికిని నమక్‌హరాం దేవిడీ యనియే పిలుచుచున్నారు. ఏటికి ఆవలియొడ్డున ఖుష్‌బాగ్‌లో సిరాజు సమాధి కలదు. అవి చూచినవాడు ప్లాసీని చూచినట్లే. అది రణభూమియాత్ర ఎట్లగునని ఎవరైన ఆక్షేపింతురేమో. ప్లాసీ రణమెట్లగునని నేను తిరిగి అడుగుదును.

పానిపట్టు సంగతి కొంత భిన్నము, కావున దానిని కొంత నెమ్మదిగా విచారింపవలెను. 1526లో బాబరు ఇబ్రహీం లోడీని, 1556లో అక్బరు పక్షమున బైరాంఖాను హేమూను, 1761 జనవరి 14న అహ్మద్ షా అబ్దాలీ మహారాష్ట్రులను ఓడించిన చోటది. మూడు మహాసంగ్రామములు ఒక్కచోటనే జరిగినవనగానే యాత్రికునికి ఆశ కలుగుట సహజము. ఆతడు కాలా ఆంబ్ అను స్మారకోద్యానమును, ఊరిలో లోడీ సమాధిని, బాబరు కట్టించిన కాబూలీబాగ్ మసీదును చూచును. చూడదగినవే, కాని పోరు ఎట్లు నడచెనో ఇందొకటియు చెప్పదు. బాబరు తన కుడిప్రక్కను ఊరికి ఆనించి, ఎడమప్రక్క కందకము త్రవ్వించి కొమ్మలు నరికించి వేయించి, నడుమ బండ్లను త్రాళ్ళతో జతగూర్చి వానిసందులలో తుపాకులవారిని నిలిపెను. ఆ మైదానమున దొరకని చాటును తానే కల్పించుకొనెనన్నమాట. ఆ బండ్లు లేవు, ఆ కందకము లేదు. యమున దూరముగ జరిగిపోయెను. ఊరు పెరిగి, కంబళ్ళకును, పాతగుడ్డలను మరల నూలుగ మార్చు మిల్లులకును పేరుపడెను.

అయినను పానిపట్టు చెప్పగల ముచ్చట ఒకటి మిగిలియున్నది: మూడుమార్లును అచ్చటనే యేల? వాయవ్యమునుండి ఢిల్లీకి వచ్చు సేనకు యమున పడమటిగట్టున సాగు ఈ బాట తప్పనిది; పానిపట్టునుండి ఢిల్లీకి సుమారు 90 కిలోమీటర్లు, నాటి సేనలకు కొలది మజిలీలు; నడుమ ఆగి నిలిచి తలపడుటకు కొండగాని కనుమగాని లేదు. ఢిల్లీలో నున్నవాడు ముందుకు వచ్చి ఈ మైదానమున నెదుర్కొనవలెను, లేదా నగరపుగోడల వెనుక చిక్కుకొనవలెను. ఈ సంగతి ఉద్యానములోని శిలాఫలకమువద్ద తెలియదు. ఢిల్లీనుండి రహదారిపై బస్సులో కిటికీప్రక్కను కూర్చుండి, ఏ మిట్టయైన తగులునేమోయని చూచుచు పోవువానికి తెలియును. పోవలెనన్నవారు ఆ బాటకొరకు పొండు. మూడవ పానిపట్టున మహారాష్ట్రుల ఫిరంగిదళమును నడపిన ఇబ్రహీంఖాన్ గార్దీ అంతకుముందు హైదరాబాదు నిజాము కొలువులోనుండి, ఫ్రెంచి సేనానియైన బుస్సీ నెరపిన యుద్ధవిద్యయందు ఆరితేరినవాడను ముచ్చట మాత్రము ఇచ్చటనే చెప్పి విడుచుచున్నాను. అచ్చట చెప్పువారు దొరకుట కష్టము.

కీర్తి వచ్చిన రణభూమికి కీర్తియే శత్రువగుటకు వాటర్లూ దృష్టాంతము. 1815 జూన్ 18న వెల్లింగ్టను గావించిన ప్రధానమైన యుక్తి, తన సేనలో అధికభాగమును ఒక మిట్టకు వెనుకవాలున నిలిపి, ఫ్రెంచి ఫిరంగులవారి కంటబడకుండ చేయుట. ఆ మిట్ట ఎత్తు స్వల్పమే యైనను, ఆ స్వల్పమైన ఎత్తే ఆ దినమున వేలకొలది ప్రాణములకు డాలు. తరువాత ఆరెంజ్ రాకుమారుడు గాయపడిన చోటును లోకమునకు చూపింపదలచి, నెదర్లాండ్సు రాజు అచ్చట నొక మన్నుగుట్టను పోయించెను. 1826 నాటికి పూర్తియైన ఆ గుట్టకు 226 మెట్లు, పైన ఇనుపసింహము. ఇంతకును ఆ గుట్టకు కావలసిన మన్ను త్రవ్వినది వెల్లింగ్టను మిట్టనుండియే. ఇప్పుడు 226 మెట్లెక్కి ఆయాసపడుచు యాత్రికుడు చూచునది, ఆ నాడు లేని ఎత్తునుండి, ఆ నాడున్న ఎత్తును కోల్పోయిన నేలను. హూగుమాన్ తోటయిల్లు మిగిలియుండుటవలన ఆ యాత్ర పూర్తిగ వ్యర్థము కాకున్నది. మన హల్దీఘాటీలోను యాత్రికుని పసుపువన్నె మట్టిగల కనుమకు కొనిపోయి ఇదియే యని చూపుదురు; 1576లో పోరు ప్రధానముగ జరిగినది కనుమలో కాదు, ఖమ్నోరు దగ్గరి చదునునేలపై. ఇక 1565 నాటి తళ్ళికోట యున్నదే, విజయనగరసామ్రాజ్యమునకు చావుదెబ్బయని చిన్నపిల్లవాడును అప్పగించునది, అది తళ్ళికోటలో జరుగనే లేదు. సుల్తానుల సేనలు కూడిన ఊరది. సమరము జరిగినది అచ్చటికి దూరముగ, కృష్ణాతీరపు రక్కసతంగడి ప్రాంతమున. అదియు ఫలానా పొలమని వేలుచూపి చెప్పుటకు పండితులలోనే ఏకాభిప్రాయము లేదు. ఫలమునుబట్టి ఎంచువాడు దీనికంటె గొప్పదానిని దక్షిణాపథమున చూపలేడు. చూడబోవువానికి నిలువ చోటైన చూపలేడు. కావుననే అందరును హంపికి పోవుదురు, హంపి రణభూమి కాకపోయినను.

ఇప్పుడు మన తీరమునకు వత్తము. ప్లాసీ గడచిన మరుసటియేడు, ఆ క్లైవే బంగాళమునుండి కర్నల్ ఫోర్డు అను సేనానిని ఓడలపై విశాఖపట్టణమునకు పంపెను. విజయనగరప్రభువైన ఆనందగజపతిరాజు ఫ్రెంచివారితో చెడి, విశాఖను వారినుండి లాగికొని, ఇంగ్లీషువారికి కబురంపియుండెను. ఇరువురును కశింకోటకడ కలిసికొని దక్షిణముగ నడచి, 1758 డిసెంబరులో పిఠాపురమునకు చేరువనున్న చందుర్తి పొలములలో ఫ్రెంచి సేనానియైన కాన్‌ఫ్లాన్సును తాకిరి. ఆ తాకిడిలో ఒక విచిత్రము జరిగెను. ఫోర్డు వెంట వచ్చిన బంగాళపు సిపాయిలు ఎఱ్ఱకోటులు తొడిగియుండిరి. మద్రాసు సిపాయిల వేషమే యెరిగిన ఫ్రెంచివారు దూరమునుండి ఆ ఎఱుపును చూచి, తెల్లసేన అదియేయని నమ్మి, తమ బలమునంతయు దానిపైకి తోలిరి. తెల్లసేన నిజముగ నున్నది నిలువెత్తు పైరు వెనుక. సిపాయిలు చెదరగా, తరుముకొనుచు వరుసదప్పి వచ్చిన ఫ్రెంచివారికి, చేనిలోనుండి వెలువడిన అసలు సేన ప్రక్కగా తగిలెను. కాన్‌ఫ్లాన్సు రాజమహేంద్రవరమునకు పరుగుపుచ్చుకొనెను. ఇచ్చట నవాబులులేరు, సేఠులులేరు, ముందు వ్రాసికొన్న ఒప్పందములు లేవు. జొన్నయో మరేదియో, మనిషి తలను దాచగల పైరు ఒకటి అడ్డముండుటయు, అటువైపు నిలిచినవానికి ఇటువైపు కనబడకపోవుటయు కారణము. డిసెంబరులో గొల్లప్రోలు దాటి ఆ పొలములగట్లపై నడచి, ఏపుగ పెరిగిన చేను కడ కొంచెము వంగి ఆవలికి చూడ యత్నించినవానికి ఈ యుద్ధమును ఎవరును వివరింపనక్కరలేదు.

బందరు దీనికంటెను గొప్పది. బందరుకు యాత్రికులు పోకపోలేదు: మంగినపూడిలో సముద్రస్నానము చేసి, పెడనలో కలంకారీ దుప్పట్లు బేరమాడి, తిరుగుదారిలో లడ్డూలు కట్టించుకొని వత్తురు. ఊరికి ఆగ్నేయముగ, ఉప్పుటేటి యొడ్డున, చిత్తడి నడుమ నున్న పాతకోటవైపు పోవువారు అరుదు. పోయినను, 1864 నాటి ఉప్పెన మొదలు ఎన్ని విపత్తులనో కాచి నిలిచిన కొలదిపాటి శిథిలములను చూచి, ఏమున్నదిక్కడనని మరలిపోవుదురు. గోడలను చూడబోయినవారికి ఏమియు లేదు. ఆ కోటను కాచినవి గోడలు కానే కావు. ఒకవంక ఉప్పుటేరు, తక్కిన దిక్కుల నించుమించుగ అంతటను అడుగుపెట్టిన దిగబడు రొంపి, ఊరినుండి కోటకు ఆ రొంపిమీదుగా వేసిన కట్టయొక్కటే గట్టిదారి, ఈశాన్యమున సముద్రపుటొడ్డు వెంట ఇసుకమేటలు.

ఫోర్డు 1759 మార్చిలో ఈ కోట ముందుకు వచ్చి ఇసుకమేటలపై ఫిరంగులు నిలిపెను. పగలు ఆతడు పడగొట్టినదానిని రాత్రి ఫ్రెంచివారు పూడ్చుకొనుచుండిరి. ఏప్రిల్ మొదటివారమునకు ఆతని అవస్థ ఎట్లుండెననగా: మందుగుండు రెండుదినములకు మాత్రమే మిగిలెను, తెల్లసిపాయిలు జీతముకొరకు ఒకమారు తిరుగబడి యుండిరి, ఆనందగజపతి సొమ్మిచ్చుటకు వెనుకాడుచుండెను, హైదరాబాదు సుబేదారు సలాబత్‌జంగు బెజవాడ దాక సేనతో వచ్చెను, మరియొక ఫ్రెంచిదళము వెనుకదారిని కాచుచుండెను. కోటలోనివారి సంఖ్య తన సంఖ్యను మించియుండెను. వివేకముగల సేనాని ఓడలెక్కి పోవలసిన ఘట్టమది. ఫోర్డు సముద్రపు పోటుపాటుల లెక్క చూచెను. ఏప్రిల్ 7వ తేది రాత్రి, నడిరేయికి నీరు బాగుగ తీయునని తెలిసికొని, ఆ వేళకు మూడు దిక్కులనుండి కోటను ముట్టవలెనని ఏర్పరచెను. రాజుగారి బలము కట్టమీద అల్లరి చేయవలెను. కెప్టెన్ నాక్సు సిపాయిలతో నైరృతిమూల, ఎవరును అడుగిడరని కోటవారు ధీమాతోనున్న ఊబివైపునుండి బూటకపుదాడి చేయవలెను. తక్కిన సేన ఈశాన్యపు బురుజును ఎక్కవలెను. వారు మోకాళ్ళవరకు కొన్నిచోట్ల నడుమువరకు బురదలో దిగబడుచు, తుపాకులు తలలపై నెత్తి పట్టుకొని, కందకములో మిగిలిన నీటిని దాటి, బురుజెక్కిరి. తెల్లవారునప్పటికి కాన్‌ఫ్లాన్సు లొంగిపోయెను. పట్టుబడిన ఐరోపావారు సుమారు 500 మంది, సిపాయిలు మున్నగువారు 2,500 పైచిలుకు. పట్టుకొన్నవారిలో ఐరోపావారు 400 లోపు, సిపాయిలు 1,400. కొలదిదినములకే ఫ్రెంచి ఓడలు సహాయసేనతో వచ్చి, సంగతి తెలిసికొని మరలిపోయెను.

దీనిని ప్లాసీతో పోల్చి చూడుడు. అచ్చటను ఇచ్చటను అధికసంఖ్య నల్పసంఖ్య గెలిచెను. అచ్చటి కారణము కాగితములలో నున్నది, ఆ కాగితములు ఇంటికే వచ్చును. ఇచ్చటి కారణము బందరు కోటచుట్టును నేటికిని పరచుకొనియున్నది. పోటువేళ నిండుచు, పాటువేళ తేలుచు, ఎండకు పైన పొరగట్టి క్రింద జిగటగ నున్నది. బురుజుల ఎత్తు పుస్తకమున వ్రాయవచ్చును గాని, ఆ రొంపిలో నూరడుగులు నడచుటకు ఎంత పట్టునో, నడచుచు తుపాకి పట్టుకొన్నవాని చేతులెట్లు లాగునో, ఏ పుస్తకమును తెలుపజాలదు. ఇట్టి చోటు విజయవాడకు కూతవేటు దూరముననుండగా, మనవారు సెలవులు కూడబెట్టుకొని రైలుటిక్కెట్లు తీసికొని, ఏటిలో కలిసిన మామిడితోటను చూడబోవుటను ఏమనవలెనో నాకు తోచకున్నది.

ఇచ్చట ప్రతివాది నన్ను పట్టుకొనునను సంగతి నేనెరుగుదును. బందరు ఫలములేని యుద్ధమా? ఆ యేడు మే 14న సలాబత్‌జంగు ఇంగ్లీషువారికి బందరు, నిజాంపట్టణపు సీమలను, దాదాపు 80 మైళ్ళ తీరమును వ్రాసియిచ్చెను. ఉత్తరసర్కారులలో ఫ్రెంచివారి ప్రాబల్యమునకు అది కడముట్టు. మాలెసన్ తన గ్రంథమున చందుర్తికిని బందరుకును కలిపి ఒక అధ్యాయమునే కేటాయించెను. అట్లగుట నీవు మెచ్చినదియు ఫలవంతమైన యుద్ధమే గదా, మా కొలబద్ద ప్రకారముగనే ఎన్నుకొని మమ్ము దూషింతువా యని. నిజమే; కాని వారి కొలబద్ద వారిని బందరుకు ఏల తీసికొనిపోలేదో వారు ముందు చెప్పవలెను. మాలెసన్ పేర్కొన్నను, చరిత్ర తిరిగినను, పాఠ్యపుస్తకము దానికి రెండు పంక్తులకంటె ఈయదు. ఫలముపేర వారు కొలుచునది నిజమునకు ప్రసిద్ధిని. ఇంతకును నా వాదము బందరుయొక్క ఫలముపై నిలువలేదని రూఢిపరచుటకు, ఫలము లేశమైనను లేని పోరొకటి చూపుదును.

1794 జూలై 10న, విజయనగరమునకును భీమునిపట్టణమునకును నడుమనున్న పద్మనాభమున, చిన్నవిజయరామరాజు కంపెనీసేనకు ఎదురునిలిచి మడిసెను. కర్నల్ ప్రెండర్‌గాస్టు తెల్లవారుజామున వచ్చి పడగా, గంటసేపైనను గడవకమునుపే అంతయు ముగిసెను. పేష్కషు బకాయిలపై వచ్చిన పేచీ. రాజును బందరుకు పోయి పింఛనుపై బ్రదుకుమని కంపెనీ ఆజ్ఞ. ఈ పోరు జరిగినను జరుగకున్నను దేశచరిత్ర మారియుండదు. సంస్థానము తగ్గిన మేరలతో కుమారునికి తిరిగి దక్కెను. క్రీసీ వంటివాడు దీనిని తలపడు. కాని పద్మనాభమునకు పోయి, కొండక్రింది కుంతీమాధవుని గుడి దాటి, మెట్లెక్కి అనంతపద్మనాభుని సన్నిధినుండి క్రిందికి చూడుడు. చుట్టును తెరిపినేల. పడమటివైపు మన్యపుకొండలు పొరలుపొరలుగ కనబడును. దాగుటకును, దారులు కాచి పోరుటకును అచ్చట కావలసినంత అడవి కలదు. కొండదొరలు ఆ వంశముపై అభిమానముగలవారే, ఆతని మరణానంతరము కుమారునికి ఆశ్రయమిచ్చినవారు వారే. అట్టి ఆస్కారముండగా, ఏ చాటునులేని ఈ కొండపాదమున, ఇలవేల్పు ఎదుట, తుపాకులకు అనువుగ విడిదిచేసినవాడు గెలుపు కోరి రాలేదని నేను ఊహింతును. ఇది నా ఊహయే. అయినను ఈ ఊహ దస్తావేజులు చదువునపుడు నాకు పుట్టలేదు. కొండమీద నిలిచి అటు మన్యమును ఇటు మైదానమును ఏకకాలమున చూచినపుడు పుట్టెను. ఫలమును చూపలేని నేల మనిషి మనసును చూపెనన్నచో, ఆ నేలను ప్లాసీ స్తంభముకంటె తక్కువగ నెంచు న్యాయమేది?

మరియొక ఆక్షేపణ వేరు దిక్కునుండి వచ్చును: రణభూమిని చూడబోవుట తర్కవిచారణకా, మడిసినవారిని స్మరించుటకా? బొబ్బిలికి పోవు తెలుగువాడు 1757 జనవరి 24 నాటి బుస్సీ ఫిరంగుల వాలును లెక్కించుటకు పోడు. బుర్రకథలలో విని, తెరపై చూచి, తాండ్ర పాపారాయునికి నమస్కరించుటకు పోవును. ఈ మాటను నేను త్రోసిపుచ్చను. స్మరణము గొప్పది. కాని ప్లాసీ, పానిపట్టు పక్షమువారికి ఈ వాదము అక్కరకు రాదు. ఏలన, స్మరణమే కొలబద్దయైనచో వారు కారెంపూడికి తలవంచవలెను. పలనాటివీరులు నాగులేటియొడ్డున పడి ఎనిమిదివందల యేండ్లు దాటెను. కార్తిక అమావాస్యతో మొదలుకొని, రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అను పేర్లతో అయిదుదినములు ఆ కథను అచ్చట జనులు తిరిగి నడపుచున్నారు, వీరవిద్యావంతులు పాడుచున్నారు, పూర్వులయాయుధములను కడిగి, పూజించి, వీరులగుడికి ఊరేగించుచున్నారు. ప్రభుత్వము నిలిపిన ఏ స్తంభమును ఈ పని చేయజాలదు. స్మరింపదలచినవాడు ఆ అయిదుదినములలో కారెంపూడికి పోవలెను. తెలిసికొనదలచినవాడు బందరుకు పోవలెను. ఈ రెండింటిలో దేనికిని ఒదగక, పేరు విన్నాము గనుక చూడవలెననువాడు మాత్రమే ప్లాసీకి పోవలెను.

పోవు పద్ధతినిగూర్చి రెండుమాటలు చెప్పవలసియున్నది. యుద్ధము ఏ నెలలో జరిగెనో ఆ నెలలో పోవలెను: చందుర్తికి పైరు నిలిచియున్న డిసెంబరులో, పద్మనాభమునకు తొలకరి తరువాతి జూలైలో, బందరుకు ఏప్రిల్‌లో. సమకాలికుడైన రాబర్ట్ ఓర్మ్ వ్రాసిన వృత్తాంతములోని ఆ కొలదిపుటలను వెంట నుంచుకొనవలెను. బొబ్బిలియు చందుర్తియు బందరును ఆతని పుస్తకమున విపులముగ నున్నవి, ఇంగ్లీషువారిపై ఆతని పక్షపాతమును పాఠకుడు తానే తీసివేసి చదువుకొనవచ్చును. ముందు ఓడినవాడు నిలిచినచోట నిలువవలెను, ఏలన గెలిచినవాని కథ అప్పటికే మనకు కంఠస్థము. ఇక బందరులో, కోటచుట్టుప్రక్కల ఏ మేర రొంపి మనిషిబరువును ఆపునో, ఏ మేర ఆపదో, ఏ తిథికి నీరెంత తీయునో, మార్గదర్శకపుస్తకములు వ్రాయువారికి తెలియదు. గిలకలదిండి జాలరుల నడుగవలెను. ఫోర్డు రెండువారములు ఫిరంగులు కాల్చి తెలిసికొనలేనిది వారు మాటలోనే చెప్పగలరు.